జాబరు కొన్న మోత

ఆ మేడలో జాబరు దంపతులకి అన్యోన్యమైన జంట అని పేరు. ఆ పేరు పూర్తిగా పొరపాటున వచ్చింది.

కింది వాటాలో ఉండే ఇల్లాలు మొగుడితో గొడవ పడ్డప్పుడల్లా చేత్తో పైకప్పు చూపించి, "వాళ్లని చూసి నేర్చుకోండి. ఇన్నేళ్లలో ఆ ఇంట్లోంచి ఒక్క గట్టి మాట విన్నామా?" అనేది. వినకపోవడం నిజమే. గొడవలు లేకపోవడం మాత్రం నిజం కాదు. జాబరు ఇంట్లో రోజూ గొడవే. పాలు పొంగినా గొడవే, తడి తువ్వాలు కుర్చీ మీద వేసినా గొడవే. భార్య వంటగది గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడి, కళ్లు పెద్దవి చేసి, పెదాలు బార్లా తెరిచి, మొగుడిని ఎడాపెడా కడిగేసేది. ఆయన హాల్లోంచి అంతే ధాటిగా జవాబిచ్చేవాడు. ఇద్దరి నోళ్లలోంచీ చీమ చిటుక్కుమన్నంత చప్పుడు కూడా వచ్చేది కాదు.

ఇదంతా మిల్లు నేర్పిన విద్య. ఆయన బట్టల మిల్లులో మగ్గాల షెడ్డులో జాబరు. మగ్గం మొరాయిస్తే పరుగున వెళ్లి బాగుచేసే మనిషిని అక్కడ అలా పిలుస్తారు. వందలాది మగ్గాలు ఒక్కసారిగా దడదడలాడే షెడ్డులో గొంతు ఎందుకూ పనికిరాదు. అరిచినా పక్కవాడికి వినపడదు. అందుకని అక్కడివాళ్లు పెదాలతోనూ చేతులతోనూ మాట్లాడుకుంటారు. ఆ చివర నేతగాడు ఈ చివర నేతగాడితో పెళ్లిచూపుల సంగతులు కూడా చెప్పుకోగలడు. మధ్యలో అడ్డంగా ఎవరూ నడవకుండా ఉంటే చాలు.

కొత్తగా కాపురానికొచ్చినప్పుడు మొగుడు నోరు ఆడిస్తాడు గానీ మాట రాదేమిటని ఆమె బెదిరిపోయింది. తర్వాత నేర్చుకుంది. నేర్చుకుని ఆయన్ని మించిపోయింది. ఆమె పళ్ల డాక్టరు దగ్గర ముందు గదిలో కూర్చుని వచ్చేపోయేవాళ్ల పేర్లు రాసుకునే ఉద్యోగం చేసేది. రోజంతా మర్యాదగా, మెత్తగా మాట్లాడీ మాట్లాడీ ఇంటికొచ్చేది కాబట్టి, చప్పుడు లేకుండా తిట్టుకునే వీలు ఆమెకి బాగా నచ్చింది. గొంతుతో మాట్లాడితే ఆయన్ని "ఏమండీ, మీరు" అనేది. పెదాలతో అయితే "నువ్వు" అనేది. 'అండీ' అని ప్రతి మాటకీ తగిలించాలంటే దవడలు నొప్పెట్టవా మరి? ఆయనా దాన్ని పట్టించుకోలేదు.

అలాంటి మిల్లు మూతపడింది.

మూసేస్తారని ఏడాదిగా అనుకుంటున్నదే. మగ్గాల్ని ఊడదీసి తూకానికి అమ్మేశారు. ఊడదీసే పని కూడా జాబరుదే. ఏ బోల్టుల్ని తన చేత్తో బిగించాడో వాటినే, అదే పానాతో, ఒక్కొక్కటిగా విప్పాడు. చివరి మగ్గం ఆగాక షెడ్డులో అందరూ ఇంకా చాలాసేపు పెదాలతోనే మాట్లాడుకుంటూ నిలబడ్డారు. మోత పోయిందని, ఇక గొంతు వాడుకోవచ్చని ఎవరికీ తోచలేదు. ఎవరో ఒకాయన గట్టిగా దగ్గాడు. ఆ దగ్గుకి అందరూ తలలు తిప్పి చూసి సిగ్గుపడ్డారు. అక్కడ ఒకరి దగ్గు ఒకరు వినడం అదే మొదలు.

ఇంటికొచ్చి జాబరు కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఆ కిటికీలోంచి కనపడేది ఎదురింటి గోడ, ఆ గోడకి ఒక నీళ్ల గొట్టం. వాటిలో చూడ్డానికేమీ లేదు. చూడ్డానికేమీ లేకపోవడమే ఆయనకి వీలుగా ఉన్నట్టుంది. పిలిస్తే లేస్తాడు. పెడితే తింటాడు. స్నానం చేయమంటే చేస్తాడు. ఏడవడు, విసుక్కోడు, తాగడు. ఇంకో ఊళ్లో ఉద్యోగం చేసుకుంటున్న కూతురు ఫోను చేసి "నాన్న ఏం చేస్తున్నాడమ్మా?" అంటే, "కూర్చున్నారు" అని చెప్పేది తల్లి. మర్నాడు అడిగినా అదే జవాబు.

పంటికి మత్తు సూది వేయించుకున్నాక దవడ ఎలా ఉంటుందో తెలుసు కదా. వేలితో నొక్కితే అక్కడ ఏదో ఉందని వేలికి తెలుస్తుంది గానీ దవడకి తెలియదు. జాబరుకి ఒళ్లంతా అలాగే ఉంది. బాధగా ఉందా అంటే లేదు. అదే ఆయనకి వింతగా ఉంది. ఆ వింత కూడా ఎవరో చెబితే విన్నట్టుగా ఉంది.

అన్నిటికన్నా ఘోరం ఏమిటంటే, ఆయన భార్య మొహంలోకి చూడ్డం మానేశాడు. కావాలని మానలేదు. షెడ్డులో మోత ఉన్నంతకాలం ఆయన కళ్లు వాటంతటవే ఎదుటివాళ్ల పెదాల మీదికి వెళ్లేవి. మోత లేకపోయేసరికి వాటికి వెళ్లాల్సిన పని లేకుండా పోయింది. ఇంట్లో ఆమె గుమ్మంలో నిలబడి నోరు ఆడిస్తే, అది గోడ గడియారం ముల్లు కదిలినట్టే. చూసినవాడికే తెలుస్తుంది. ఆమె కొన్నాళ్లు కిటికీకీ ఆయనకీ మధ్య వచ్చి నిలబడింది. ఆయన పక్కకి జరిగి కూర్చున్నాడు. మర్యాదగానే జరిగాడు.

ఒక ఉదయం ఆమె గొంతు విప్పింది.

"నేను మా తమ్ముడింటికి వెళ్తానండీ. ఆదివారం వెళ్తాను. ఎన్నాళ్లుంటానో చెప్పలేను. మీకు వంట అలవాటయ్యేదాకా భోజనం పంపమని కింది వాటా ఆవిణ్ని అడిగి పెడతాను."

అంత స్పష్టంగా, అంత మర్యాదగా, గొంతుతో! కింది వాటాలో గిన్నెల చప్పుడు ఠక్కున ఆగిపోయింది. ఇన్నేళ్లకి పై వాటాలోంచి ఒక మాట కిందికి దిగింది మరి. జాబరు కిటికీలోంచి చూపు తిప్పకుండా "సరే" అన్నాడు.

అన్నాక ఆ 'సరే' ఆయనకే వినిపించింది. భయం వేయాలి కదా అనుకున్నాడు. ఊడిన పన్ను ఉన్నచోట నాలుక పెట్టి తడుముకున్నట్టు, భయం ఎక్కడుందోనని లోపల తడుముకున్నాడు. తగల్లేదు.

ఈ కబురు విని పరుగెత్తుకొచ్చింది ఆమె తమ్ముడే. ఆ మనిషి డ్రైవింగ్ స్కూల్లో కార్లు నేర్పుతాడు. నేర్చుకునేవాళ్ల పక్కన కూర్చుని, కాలి కింద ఇంకో బ్రేకు పెట్టుకుని బతుకుతాడు కాబట్టి, ఎక్కడ ఏ బండి గుద్దుకోబోతోందన్నా ఆయన కుడికాలు తనంతట తనే కిందికి నొక్కుకుంటుంది. ఇప్పుడు అక్కా బావల కాపురం మీద కూడా అదే కాలు వేశాడు.

"అక్కా, నువ్వు రావడం నాకు సంతోషం కాదని కాదు. మా ఇల్లు నీకు తెలుసుగా. చిన్న గదిలో మీ మరదలి కుట్టుమిషనూ, బట్టల మూటలూ. నువ్వు పడుకోవాలంటే మిషను నిలబడాలి, మిషను పడుకోవాలంటే నువ్వు నిలబడాలి."

"మూల చాలురా."

"మూల సంగతి తర్వాత. బావ సంగతి చూడు. బావకి కావాల్సింది మోత. చేపని నీళ్లలోంచి తీసి ఒడ్డున పడేసి, ఏమిట్రా మాట్లాడవు అంటే ఏం మాట్లాడుతుంది? హోమ్ థియేటర్ కొందాం. వైర్‌లెస్‌ది. ఇల్లదిరిపోవాలి. శనివారం షాపుకి పోదాం, ముగ్గురం. బావ నోరు తెరిచి 'ఇది కావాలి' అని ఒక్క వస్తువు గురించి, ఒకే ఒక్కదాని గురించి అన్నాడా, నువ్వు ఆగు. అనలేదా, ఆదివారం నేనే కారేసుకొచ్చి తీసుకెళ్తా."

ఆమె కాసేపు ఆలోచించి "సరే" అంది. తర్వాత ఇద్దరూ జాబరు వైపు తిరిగారు. "సరే" అన్నాడు ఆయన కూడా. ఆ ఇంట్లో అంతగా మాట కలిసి చాలా రోజులైంది.

షాపు మూడంతస్తులు. కింద ఫ్రిజ్‌లు, మధ్యలో వాషింగ్ మిషన్లు, వాటి పక్కన అద్దాల గదిలో హోమ్ థియేటర్లు. టై కట్టుకున్న సేల్స్ మనిషి ఒకాయన ఎదురొచ్చాడు. టై ముడి మరీ బిగుతుగా ఉండటం వల్ల ఆయన ప్రతి మాటకీ మెడ కొంచెం సాగదీస్తున్నాడు. బావమరిది వెంటనే ఆయనకి 'టై' అని పేరు పెట్టి, పేరు పెట్టిన సంగతి బావ చెవిలో చెప్పాడు. బావ "ఊఁ" అన్నాడు.

"మీ హాలు సైజెంత సార్?" అన్నాడు టై, జాబరుని చూసి.

జాబరు ఆలోచించాడు. తను రోజంతా కూర్చునే హాలు. ఎంతుంటుందో తోచలేదు.

"పెద్దది కాదు. ఒక మంచం, నాలుగు కుర్చీలు, ఈయన," అంది భార్య.

టై నవ్వాలా వద్దా అని తేల్చుకోలేక మెడ సాగదీశాడు. మొదట ఒక పొడుగాటి నల్ల కడ్డీ చూపించాడు. సబ్బు పెట్టెని రెండు వైపులా పట్టుకుని లాగితే ఎలా ఉంటుందో అలా ఉంది. టీవీ కింద అదొక్కటి పెడితే చాలట. రెండోదానికి అలాంటి కడ్డీతో పాటు గుమ్మటంలాంటి పెట్టె ఒకటి, వెనకాల పెట్టుకోవడానికి చిన్నవి రెండు. మూడోదానికి మనిషెత్తు స్తంభాలు.

"అన్నీ వైర్‌లెస్ సార్. కడ్డీకీ వెనక స్పీకర్లకీ మధ్య తీగే ఉండదు."

"మరి కరెంటు?" అన్నాడు బావమరిది.

"కరెంటుకి తీగ ఉంటుంది సార్. సౌండుకి ఉండదు."

"అంటే ప్రతి పెట్టెకీ ఒక తీగ."

"కరెంటు తీగ సార్."

"తీగ లేని పెట్టె ఒక్కటైనా ఉందా?"

"లేదు సార్."

"వైర్లున్న వైర్‌లెస్‌సు," అన్నాడు బావమరిది అక్క వైపు తిరిగి. "మన డ్రైవింగ్ స్కూల్లో బ్రేకు లేని కారు నేర్పుతామన్నట్టుంది."

"నువ్వు ఊరుకోరా," అంది అక్క. ఆమె చూపంతా మొగుడి నోటి మీద ఉంది. టై ఒక్కో పెట్టె గురించీ చెప్పి "ఎలా ఉంది సార్?" అంటాడు. "బాగుంది" అంటాడు జాబరు. నలుపు బాగుంది. తెలుపు బాగుంది. రిమోటు బాగుంది. అట్టపెట్టె కూడా బాగుంది. 'కావాలి' అన్న మాట మాత్రం ఆ చుట్టుపక్కలెక్కడా తిరగడం లేదు.

ఆయన మొండితనంతో అనడం లేదనుకోకండి. పందెం సంగతి ఆయనకి బాగా గుర్తుంది. ఒక్క మాట అంటే భార్య ఆగిపోతుంది, అనకపోతే రేపు వెళ్లిపోతుంది. అబద్ధంగా అన్నా సరిపోతుంది. కానీ ఆ అబద్ధం ఆడటానికైనా లోపల ఏదో ఒకటి కదలాలిగా.

"డెమో వింటే మీకే అర్థమవుతుంది," అని టై వాళ్లని అద్దాల గదిలోకి తీసుకెళ్లాడు. చీకటి గది, పెద్ద తెర, ఎదురుగా ముగ్గురు పట్టే సోఫా. సోఫాలో ఒక చివర సీటు మీద అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. అందుకని ఆమె గోడ దగ్గర స్టూలు మీద, సోఫాకి ఏటవాలుగా కూర్చుంది. జాబరుని సరిగ్గా నట్టనడుమ కూర్చోబెట్టారు. "అది రాజుగారి సీటు సార్. అన్ని వైపుల సౌండూ అక్కడికే వస్తుంది," అన్నాడు టై, మీట నొక్కి బయటికెళ్తూ.

ముందు వాన పడింది. తలమీద, భుజాల మీద, వెనకాల. బావమరిది నెత్తి తడుముకున్నాడు. జాబరు కూర్చున్నాడు. తర్వాత హెలికాప్టరు ఎడమ చెవిలోంచి వచ్చి కుడి చెవిలోంచి పోయింది. జాబరు కూర్చున్నాడు. తర్వాత రెండు కార్లు ఒకదాన్నొకటి తరుముకుంటూ సందులోకి తిరిగాయి. బావమరిది కుడికాలు నేలని దడేలుమని తన్నింది. "ఎడమకి కొయ్యి! ఎడమకి కొయ్యరా దరిద్రుడా! క్లచ్చెక్కడ పెట్టావ్!" అని తెరని తిట్టాడు. కార్లు గుద్దుకున్నాయి. "చెప్తే విన్నావా?" అని నుదురు తుడుచుకున్నాడు.

టై వచ్చి ఇంకొంచెం సౌండు పెంచి వెళ్లాడు. ఈసారి గోడలు అదిరాయి. అప్పుడు జాబరు తల లేచింది.

ఆయన ఎత్తలేదు. అదే లేచింది. ఆ మోతకి కళ్లు పాత ఉద్యోగంలోకి వెళ్లిపోయాయి. ఎక్కడ పెదాలు కదులుతున్నాయో వెతికాయి. అద్దం అవతల, వాషింగ్ మిషన్ల పక్కన, టై ఇంకో సేల్స్ మనిషితో మాట్లాడుతున్నాడు. మందపాటి అద్దం. ఒక్క అక్షరం వినపడదు. ఒక్క అక్షరం కూడా పోలేదు.

'పెద్దాయన గోడలా ఉన్నాడు. ఏం పెట్టినా బాగుందంటాడు. బావమరిది మాత్రం కొనకుండానే సోఫా విరగ్గొట్టేలా ఉన్నాడు. ఇంకాసేపు చూసి ఏసీ ఆపేస్తా. చెమట్లు పడితే వాళ్లే లేస్తారు.'

టై చిరునవ్వుతో లోపలికొచ్చి సౌండు తగ్గించి, "ఎలా ఉంది సార్?" అన్నాడు.

"బాగుంది," అన్నాడు జాబరు. "ఏసీ ఆపితే ఆపండి, పర్వాలేదు. మాకూ చలిగానే ఉంది. గోడ అన్నారు, అదీ నిజమే. సోఫా మాత్రం విరగదు లెండి, మావాడు ఒక కాలితోనే తొక్కుతాడు."

టై మెడ సాగడం ఆగిపోయింది. పైకప్పు వైపు చూశాడు, మైకులేమైనా ఉన్నాయేమోనని. తర్వాత వెళ్లి అద్దాన్ని వేలి కణుపుతో తట్టి చూశాడు. బావమరిది విరగబడి నవ్వాడు. "మా బావ ముందు మూతి కదిపారంటే మైకులో చెప్పినట్టే. మా పెళ్లిలో మా మావగారు అద్దం అవతల నిలబడి నన్ను ఏమన్నాడో కూడా ఈయనే చెప్పాడు. ఇప్పటికీ ఆయనతో నాకు మాటల్లేవు."

"క్షమించండి సార్," అన్నాడు టై, చెవులు ఎర్రబడి.

"దేనికి?" అన్నాడు జాబరు. నిజంగానే అడిగాడు. ఎవరో ఎవరినో గోడ అన్నారు, దానికి తనకేమిటి అన్నట్టుంది ఆయనకి.

ఆ సిగ్గుకో ఏమో టై ఈసారి మనిషెత్తు స్తంభాలు కలిపి, సౌండు నిండా పెట్టాడు. యుద్ధం లాంటిదేదో మొదలైంది. సోఫా కింద నేల వణికింది. జాబరు కళ్లు మళ్లీ పెదాలు వెతుక్కుంటూ బయల్దేరాయి. బావమరిది నోరు తెరిచి ఉంది గానీ అందులో మాటల్లేవు, ఆశ్చర్యమే. అక్కణ్నించి కళ్లు గోడ దగ్గరి స్టూలు మీదికి వెళ్లాయి.

తెర వెలుగు మొహం మీద పడుతున్నా ఆమె అటు చూడటం లేదు. తలుపు వైపు, ఎవరూ లేని చోటికి చూస్తూ, పెదాలు కదుపుతోంది. ఎవరూ చూడటం లేదనుకుంది. మొగుడు చూడటం మానేసి చాలా కాలమైంది కదా.

'కొన్నాళ్లేనమ్మా. నీ వంటగదిలోకి రాను. మిషను కదపొద్దు. ఆ మూల చాలు నాకు.'

తల అడ్డంగా ఊపుకుంది. బాగాలేదనుకుంది కాబోలు. మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి ముందుగా నవ్వు తెచ్చుకుంది. 'కొన్నాళ్లేనమ్మా.' ఆ నవ్వు ఎక్కువైందనుకుని కొంచెం తగ్గించింది. తనకన్నా చిన్నదైన మరదలి గుమ్మంలో, సంచీ పట్టుకుని, మూల అడగడానికి ఎంత నవ్వు సరిపోతుందో కొలుచుకుంటోంది. మూడోసారి ఇంకొంచెం తగ్గించి, ఇంకొంచెం వంగింది.

జాబరుకి ఏమనిపించిందంటే, చెప్పడానికేమీ లేదు. ఏమీ అనిపించలేదు. కానీ చేతులు లేచాయి.

మగ్గాల షెడ్డులో ఒక సైగ ఉంది. రెండు చూపుడు వేళ్లూ తలకన్నా పైకెత్తి, కొనకి కొన ఆనించి, టక్కున విడదీయాలి. దారం తెగింది, రమ్మని దానర్థం. నేతగాళ్లు జాబరుకి చేసే సైగ అది. జాబరు ఎవరికీ చేయడు. ఎవరి దారం తెగినా వెళ్లి ముడేసేవాడు ఆయనే కాబట్టి ఆయన పిలవడానికి ఎవరూ ఉండరు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆ సైగ ఎదురుగా చూడటమే గానీ ఆయన వేళ్లు ఏనాడూ చేయలేదు. ఇప్పుడు చీకట్లో, రాజుగారి సీట్లో కూర్చుని చేశాడు.

ఆమె చూసింది. కొలిచి పెట్టుకున్న నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది.

అద్దం అవతలి నుంచి టై కూడా చూశాడు. ఆపమంటున్నారనుకుని పరుగున వచ్చి సౌండు కట్టేశాడు. గది నిశ్శబ్దమైపోయింది. జాబరు నోరు తెరిచాడు. ఆ నిశ్శబ్దంలో ఎలా మొదలుపెట్టాలో ఆయనకి తెలియలేదు. నోరు మూసుకుని, "మోత పెట్టండి," అన్నాడు.

"ఏది సార్?"

"ఏదైనా సరే."

"ఎంత పెట్టమంటారు?"

"ఉన్నదంతా."

యుద్ధం మళ్లీ మొదలైంది. ఆ మోతలో, సోఫాకీ స్టూలుకీ మధ్య, చాలా నెలల తర్వాత, చప్పుడు లేని మాటలు నడిచాయి.

'ఎక్కడ తెగింది?' అంది ఆమె.

'తెలీదు. నాకేమీ అనిపించట్లేదు.'

'అంటే?'

'ఏమీ. మిల్లు పోయినా అనిపించలేదు. నువ్వు వెళ్తానన్నా అనిపించలేదు. భయపడదామని చూశా. రాలేదు.'

ఆమె ముందుకి వంగింది. 'నా మీద కోపం కాదా?'

'నీ మీదెందుకు?'

'ఆ పై ఊరి మిల్లువాళ్లు నిన్ను పిలిస్తే, ఇప్పుడెక్కడికి పోతాం, వద్దన్నది నేనేగా. పోయుంటే ఈపాటికి నీకు మగ్గాలుండేవి. అది మనసులో పెట్టుకుని నా మొహం చూడ్డం మానేశావనుకున్నా.'

జాబరు గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. 'వాళ్లు పిలిచారా?'

అంతే. ఆమె స్టూలు మీంచి లేచింది. 'పిలిచారా అంటావా? గుర్తే లేదా? ఇన్నాళ్లూ నేను ఆ మాట నెత్తిన పెట్టుకుని, అన్నం సహించక, నిద్ర పట్టక, నా వల్లే, నా వల్లే అని చస్తుంటే, నీకు గుర్తే లేదా? మా దగ్గరికి పన్ను పీకించుకోడానికొచ్చిన వాడు కూడా చెప్తాడు, ఇక్కడ మొద్దుబారిందమ్మా అని. నువ్వు చెప్పడానికి నీకేం రోగం? చెప్పకపోతే నాకెలా తెలుస్తుంది? కిటికీలో ఆ గొట్టంతో చెప్పుకున్నావా?' చేతులు గాలిలో గిర్రున తిరిగాయి. తెర మీద బాంబులు పేలుతున్నాయి. ఎవరివి ఎక్కువో చెప్పడం కష్టంగా ఉంది.

టై హడలిపోయి లోపలికొచ్చి బావమరిది చెవిలో అరిచాడు. "మేడమ్‌కి ఒంట్లో బాగాలేదా?"

"మాట్లాడుకుంటున్నారు. అడ్డం రాకండి."

"ఏమంటున్నారు?"

"ఆ భాష నాకు రాదు. కానీ మా అక్క మొహం తెలుసు. తిడుతోంది." బావమరిది వెనక్కి చేరబడి, బ్రేకు మీంచి కాలు తీసినవాడిలా కాళ్లు చాపుకున్నాడు. "బాగా తిడుతోంది."

ఆమె అలిసిపోయి స్టూలు మీద కూర్చుంది. కాసేపటికి అడిగింది. 'ఎప్పుడు దిగుతుంది ఈ మత్తు?'

'తెలీదు. దిగుతుందో లేదో.'

'మరి నేనుండాలా, వెళ్లాలా?'

జాబరు అబద్ధం ఆడదామని చూడలేదు. 'ఉండాలని ఏమీ అనిపించట్లేదు. కానీ నువ్వు మీ మరదలి దగ్గర ఆ నవ్వు నవ్వకూడదు.'

ఆమె మొహం ఎర్రబడింది. చూశాడన్నమాట. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, మళ్లీ తీసి, 'అంత బాగాలేదా?' అంది.

'అసలు బాగాలేదు. డాక్టరు పళ్లు చూపించమన్నట్టుంది.'

ఆమె తల తిప్పుకుంది. భుజాలు కదిలాయి. నవ్వో ఏడుపో, మొహం కనపడక ఆయనకి తెలియలేదు.

సౌండు ఆగాక టై గొంతు సవరించుకున్నాడు. "అయితే సార్, ఇందాక మీరు మాట్లాడుకున్నంతసేపూ నేను మూడూ మార్చి మార్చి పెట్టాను. ఏది నచ్చింది?"

ముగ్గురిలో ఒక్కరు కూడా దాన్ని విని ఉంటే ఒట్టు.

"బావా," అన్నాడు బావమరిది, "పందెం గుర్తుందిగా. నోరు తెరిచి ఒక్క మాట."

జాబరు లేచి బయట వరసగా పెట్టిన పెట్టెల దగ్గరికి నడిచాడు. ఒకదాని మీద వేలు పెట్టాడు. గట్టిగా, అందరికీ వినపడేలా, "ఇది కావాలి," అన్నాడు.

టై మెడ మళ్లీ సాగింది. "సార్... అది డమ్మీ సార్. చూపించడానికి పెట్టాం. లోపలేమీ ఉండదు."

"ఆయనకి సరిగ్గా సరిపోతుంది," అంది భార్య. బావమరిది ముందు నవ్వాడు. తర్వాత టై కూడా, టై వదులు చేసుకుని మరీ నవ్వాడు. జాబరుకి నవ్వు రాలేదు గానీ వాళ్లు నవ్వుతున్నంతసేపూ ఒకరి తర్వాత ఒకరి మొహాలు చూశాడు. ఆ డమ్మీకి అసలు రూపం రెండో రకం, గుమ్మటంలాంటి పెట్టె ఉన్నదే. దాన్నే కట్టించారు.

సాయంత్రం బావమరిది జాబరు ఇంటి హాల్లో నేల మీద బోర్లా పడుకుని, ఉన్న ప్లగ్గులు చాలక తిట్టుకుంటూ, వెనక స్పీకర్లలో ఒకదాన్ని మంచం కోడుకి ఆనించి, ఇంకోదాన్ని బట్టల స్టాండు కింద దూర్చాడు. రెండోది ఎంతకీ మొదటిదానితో కలవనంటోంది. చివరికి దేనికో జాలిపడి కలిసింది. బావమరిది గెలిచినవాడిలా సౌండు పెంచాడు. కిటికీ తలుపులు గజగజలాడాయి.

జాబరు తల లేచింది. భార్య వంటగది గుమ్మంలో ఉంది, ఏదో అంటోంది. మొదటి ముక్క అందింది, మధ్యది జారిపోయింది. అలవాటు తప్పింది మరి. చూపుడు వేలు తిప్పి, మళ్లీ చెప్పమన్నాడు. ఆమె కొత్త నేతగాడికి చెప్పినట్టు నోరు పెద్దది చేసి, నిదానంగా మళ్లీ చెప్పింది.

"ఏమంటోంది అక్క?" అని అరిచాడు బావమరిది నేల మీంచి.

"భోంచేసి వెళ్తావా అని."

"చేస్తా! రేపు కారు తేవాలా వద్దా అడుగు!"

జాబరు ఆమె వైపు తిరిగి అడిగాడు. ఆమె ఒక్క క్షణం ఆగి చెప్పింది.

"రేపు వద్దట," అన్నాడు జాబరు.

"రేపు వద్దంటే? అసలు వద్దా, తర్వాత తేవాలా? సరిగ్గా అడుగు బావా, నాకు రేపు ఇద్దరు కొత్తగా నేర్చుకోడానికొస్తున్నారు!"

జాబరు మళ్లీ తిరిగాడు. ఆమె అప్పటికే పొయ్యి వైపు తిరిగిపోయి ఏదో కలుపుతోంది. వీపు కనపడుతోంది, జడ కనపడుతోంది. వెనక నుంచి ఎవరి మాటా తెలియదు. జాబరు కాసేపు కుర్చీలోంచే చూశాడు. తర్వాత చేతులు కుర్చీకి ఆనించి లేచాడు. అడ్డంగా పడుకున్న బావమరిది కాళ్లు దాటి, నేలంతా పరుచుకున్న కరెంటు తీగలు ఒక్కొక్కటీ చూసుకుని దాటి, ఆమె మొహం కనపడే వైపుకి వెళ్లి నిలబడ్డాడు.